సగటు అంకెలో కనిపించని అలసట

ఇరవయ్యేళ్లు దాటిన కొత్తలో మొదలైన నా నడుము నొప్పి పడుకుంటే పెరిగేది, లేచి తిరిగితే తగ్గేది. తెల్లవారుజామున పిరుదుల లోతున ఒకనాడు కుడివైపు, మరొకనాడు ఎడమవైపు పోటు లేచి నిద్ర చెడగొట్టేది. మంచం దిగాక చాలాసేపటి వరకు వెన్ను వంగేది కాదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడంతో కండరాలు పట్టేశాయని ఒకరు, మనసులోని ఒత్తిడేనని మరొకరు అన్నారు. విశ్రాంతి తీసుకోమని మాత్రం అందరూ అన్నారు. తీసుకున్న కొద్దీ బిగుసుకుపోయాను. తరువాత తేలిన నా జబ్బు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్లకు వచ్చే దీర్ఘకాలిక వాపు. దీనిలో నడుము కింది కీళ్ల మార్పులు ఎక్స్‌రేకు అందడానికి ఏళ్లు పట్టవచ్చు, లోపలి వాపును ఎమ్మారై అంతకన్నా ముందే పట్టగలదు.

చివరికి ఒక రుమటాలజిస్టు (కీళ్లవాత వ్యాధుల వైద్యుడు) నొప్పి ఎక్కడని కాక, ఎప్పుడని అడిగారు. ఎమ్మారై, రక్తపరీక్షల తరువాత యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేల్చారు. నాకు హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు ఉందని తెలియగానే తమ్ముడికీ పరీక్ష చేయించాలని అమ్మ పట్టుబట్టింది. ఆ జన్యువుకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం 1973లోనే బయటపడినా, అది ఉన్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు రాదని, నొప్పేమీ లేని పిల్లవాడికి పరీక్ష అవసరం లేదని డాక్టరుగారు ఆమెకు ఓపికగా చెప్పారు.

వాపు తగ్గించే మాత్రలు, రోజూ వ్యాయామం నాకు చాలలేదు. శరీరంలో క్షయ దాగి లేదని నిర్ధారించుకున్నాక వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొన్ని వారాలకే రాత్రి నిద్ర తిరిగి వచ్చింది, సాక్సులు నేనే తొడుక్కోగలిగాను. నేను కోలుకున్నానని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

మిగిలింది అలసట. ఇది పని చేసినందువల్ల వచ్చేదీ కాదు, నిద్రపోతే తీరేదీ కాదు. మధ్యాహ్నానికల్లా మాట వెతుక్కోవలసి వచ్చేంతగా ఒళ్లంతా బరువెక్కేది. మనిషి చూడటానికి నిక్షేపంగా ఉంటాడు కనుక, సహోద్యోగులు దాన్ని బద్ధకం కింద జమకట్టడంలో వింతేమీ లేదు.

ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా నాచేత వ్యాధి తీవ్రతను కొలిచే బాస్‌డాయ్ అనే ప్రశ్నావళి పూర్తి చేయిస్తారు. 1994లో రూపొందిన దీనిలో ఆరు ప్రశ్నలుంటాయి, మొదటిదే అలసట గురించి. జవాబులన్నిటినీ కలిపి సున్నా నుంచి పది వరకు ఒక సగటు అంకె తీస్తారు. అది నాలుగు కన్నా తగ్గితే వ్యాధి అదుపులో ఉన్నట్టు లెక్క. వెన్ను నొప్పికి ఒకటి, బిగుతుకు రెండు వేసిన నేను అలసటకు ఎనిమిది వేసినా సగటు మూడు దాటలేదు. లెక్క సరైనదే గానీ, నన్ను పగలంతా కుదేలు చేస్తున్న విషయం దానిలో కరిగిపోయింది. ఇదే వ్యాధిలో జీవన నాణ్యతను కొలవడానికి అవును, కాదు అని జవాబిచ్చే పద్ధెనిమిది ప్రశ్నల పత్రం వేరే ఉంది. తల స్నానం కష్టమవుతోందా, నలుగురితో కలవలేకపోతున్నారా, మీ మీద ఆధారపడ్డవాళ్లను నిరాశపరుస్తారేమోనని బెంగగా ఉందా అన్న ధోరణిలో అది సాగుతుంది. నా దృష్టిలో ఇదే నిజమైన పరీక్ష, ఎందుకంటే ఆ మూడో రకం బెంగను ఏ స్కానూ చూపలేదు.

ఆ పత్రం నింపి ఇచ్చాకే డాక్టరుగారు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు రాశారు. రక్తహీనత ఉందని తేలింది, దానికి మందు వాడాక కొంత తేరుకున్నాను. బుద్ధిని ఉపయోగించే పనులన్నీ ఉదయానికి మార్చుకున్నాను, ఈత మానలేదు. మధ్యలో ఒకసారి కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయినప్పుడు, అది ఈ వ్యాధితో వచ్చే యువైటిస్ (కంటి లోపలి వాపు) కావచ్చునని ముందే చెప్పి ఉంచినందువల్ల, ఆ రోజే కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాను, చూపు దెబ్బతినలేదు.

సగటు అంకె చాలాకాలంగా తక్కువగానే ఉంది కనుక ఇంజెక్షన్ల మధ్య వ్యవధి పెంచి చూద్దామని డాక్టరుగారు ఈమధ్య అన్నారు. అలసటకు నేను వేస్తున్న అంకెను విడిగా రాసి, వ్యవధి పెంచాక అది ఎటు కదులుతుందో చూసి అప్పుడు నిర్ణయిద్దామని కోరాను. ఆయన ఒప్పుకున్నారు.