హఫీత్ సమాధులకు పొద్దున, హీలీకి మధ్యాహ్నం: అల్ ఐన్‌లో ఒక్కరోజు ఫొటోలు

దుబాయ్ నుంచి అబుదాబీ ఎమిరేట్‌లోని అల్ ఐన్‌కి కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. సాయంత్రం ఎండ బాగుంటుందని జెబెల్ హఫీత్ కొండ కింద ఉన్న పురాతన సమాధుల దగ్గరికి నాలుగింటికి చేరతారు. కొండ ఎత్తు దాదాపు 1,240 మీటర్లు, సమాధులేమో దాని తూర్పు పాదాన. పొద్దు గూకడానికి చాలా ముందే కొండ నీడ వాటిని కప్పేస్తుంది. ఆకాశం తెల్లగా, రాళ్లు నల్లగా వచ్చిన ఫొటోలతో తిరిగిరావాలి. అదే చోట పొద్దున్నయితే తూర్పు ఎండ సూటిగా రాళ్లమీద పడుతుంది, వెనక కొండ కూడా వెలుగుతుంది.

డిసెంబరు, జనవరిలో అక్కడ సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో. దుబాయ్ నుంచి దాదాపు గంటన్నర దారి కాబట్టి చీకట్లోనే బయల్దేరాలి. గేటు తెరిచే వేళలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, ముందురోజే కనుక్కోండి. చలికాలం తెల్లవారుజామున ఈ దారిలో పొగమంచు దట్టంగా పడుతుంది. అబుదాబీ పరిధిలో మంచు పడితే ఎలక్ట్రానిక్ బోర్డుల మీద వేగం గంటకు 80 కి.మీ.కి తగ్గిస్తారు. మామూలు రోజుల్లో కూడా ఒక తేడా ఉంది: దుబాయ్‌లో బోర్డు మీద ఉన్న అంకెకు ఇంకో 20 దాకా స్పీడ్ కెమెరా ఊరుకుంటుంది, అబుదాబీలో బోర్డు అంకే ఆఖరు. ఎమిరేట్ మారాక కాలు అలాగే ఉంచితే ఫైన్ మెసేజ్ ఇంటికి చేరేలోపే వచ్చేస్తుంది. సమాధుల దగ్గరున్న మెజ్యద్‌లో ఒమన్ సరిహద్దు పక్కనే. ఫోను అటు టవర్ పట్టుకోవచ్చు, రోమింగ్ ఆపేయండి. సరిహద్దు పోస్టు, పోలీసు వాహనాల వైపు కెమెరా తిప్పొద్దు. అనుమతి లేకుండా డ్రోన్ ఆలోచనే వద్దు.

ఈ సమాధులు సుమారుగా క్రీ.పూ. 3200 నుంచి 2700 మధ్యవి. 1959లో డెన్మార్క్ పురావస్తు బృందం ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. మెసపొటేమియా రకం కుండలు దొరకడంతో అప్పట్లోనే అంతదూరం వర్తకం ఉండేదని తేలింది. మన ములుగు జిల్లా దామరవాయిలోని పాతకాలపు బండల సమాధులు, రాకాసి గుళ్ళు, చూసినవాళ్లకు ఇవి చూడగానే చుట్టరికం కలిపేయాలనిపిస్తుంది. అయితే అక్కడ పెద్ద బండలు నిలబెట్టి పైన కప్పు బండ వేస్తారు. ఇక్కడ చెక్కని చిన్న రాళ్లను గుండ్రంగా పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ లోపలికి జరుపుతూ తేనెతుట్టె ఆకారం తెచ్చారు. అందుకే ఫొటోలో చూపించాల్సింది ఆ పేర్పు. ఎండ మీ వీపు వెనక ఉంటే వరసల మధ్య నీడ కనబడదు, గోడ మొత్తం పిండిముద్దలా వస్తుంది. ఎండ భుజం పక్కనుంచి వచ్చేలా జరిగి నిలబడితే ప్రతి రాయి కింద సన్నటి నల్లగీత పడుతుంది. ఈ పనికి తొమ్మిదిన్నర దాకా టైముంది.

లోపల్నుంచి గుమ్మం గుండా బయటికి తీయాలనుకుంటే లోపలి చీకటి, బయటి వెలుగు రెండూ ఒక్క ఫ్రేములో రావు. ట్రైపాడ్ మీద రెండేసి స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) తేడాతో మూడు ఫ్రేములు తీసి తర్వాత కలుపుకోవాలి. ట్రైపాడ్‌కి అనుమతి ఉందో లేదో గేటు దగ్గరే అడగండి. రాళ్లెక్కడం, గోడకు ఆనుకోవడం వద్దు, మధ్యలో సున్నం గానీ సిమెంటు గానీ ఉండదు. సందుల్లో చెయ్యి అసలు పెట్టొద్దు, తేళ్లుంటాయి.

పదిన్నర నుంచి రెండున్నర దాకా ఎండలో తీసేదేమీ లేదు. అల్ ఐన్ ఒయాసిస్‌లో ఖర్జూరం తోటల నీడన నీటి కాలువలు, మట్టి గోడలు తీసుకోవచ్చు. భోజనం కూడా అప్పుడే కానిచ్చేయండి.

మూడింటికి హీలీ పురావస్తు పార్కు. ఇక్కడి పెద్ద సమాధి ఉమ్ అన్నార్ కాలానిది, అంటే క్రీ.పూ. 2000 ప్రాంతం. అడ్డంగా 12 మీటర్లుంటుంది. హఫీత్‌లో చెక్కని రాళ్లు, ఇక్కడ నునుపుగా చెక్కిన పెద్ద రాళ్లు. ద్వారాలు రెండు, ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి. చేతులు పట్టుకున్న ఇద్దరు మనుషులు, వాళ్లకు అటొకటి ఇటొకటి ఒరిక్స్ (పొడవు కొమ్ముల జింకలాంటి జంతువు) ఉన్న బొమ్మ చాలా ఫొటోల్లో చూసే ఉంటారు. చెక్కుడు లోతు తక్కువ కాబట్టి ఎదుటి ఎండలో అది మాయమైపోతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణాకాశంలోనే తిరుగుతాడు. అందుకే దక్షిణం వైపు గోడకు మిట్టమధ్యాహ్నం ఎండ ఎదురుగా పడుతుంది, మూడున్నర తర్వాత ఏటవాలుగా తగులుతుంది. ఉత్తరం వైపుకు చలికాలమంతా ఎండే రాదు. అటు నీడలోనే తీసి, ఇంటికొచ్చాక కాంట్రాస్ట్ పెంచుకోవడమే. ఫ్లాష్ ఎదురుగా కొడితే ఉన్న లోతు కూడా పోతుంది.

నాలుగుంపావుకల్లా అక్కడ తెమిలితే తిరుగుదారిలో అల్ ఫఖా దగ్గర ఎర్ర ఇసుక తిన్నెలకు సూర్యాస్తమయానికి ముందే చేరతారు. ఇనుము తుప్పు పొర రేణువులకు పట్టడం వల్ల ఆ ఎరుపు. మామూలు కారైతే తారు దిగొద్దు, అద్దె కారుకు ఇసుకలో ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. ఫోర్ బై ఫోర్ అయినా ఒంటరిగా కాదు, రెండు బళ్లుండాలి. టైర్లలో గాలి 35 నుంచి 15 పీఎస్‌ఐకి దించాలి. టైరు నేలకు ఆనే మేర పొడవు పెరిగి బరువు పరుచుకుంటుంది. గాలి తగ్గాక స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఆపేటప్పుడు బ్రేకు తొక్కకుండా, బండి మూతి పల్లానికి ఉండేలా ఆపండి. కూరుకుపోతే యాక్సిలరేటర్ వదిలేయాలి, తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుతుంది. చక్రాల ముందు వెనకల ఇసుక తీసి, గాలి ఇంకాస్త తగ్గించి, వచ్చిన జాడలోనే వెనక్కి. తారెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి, లేకుంటే వేగానికి టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి. కంప్రెసర్ లేకుండా గాలి తీసేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకో దండం.

తిన్నె ఎక్కేముందే ఫొటో తీయండి. ఒకసారి అడుగు పడితే ఆ రోజుకింతే. దగ్గరికి వంగి చూస్తే ఇసుక అల కొన మీద ముతక రేణువులు, పల్లంలో సన్నవి వేరువేరుగా కనిపిస్తాయి. పక్క ఎండ ఉన్నప్పుడే ఆ తేడా ఫొటోలోకి వస్తుంది. ఇసుక ప్రకాశానికి కెమెరా మోసపోయి ఫ్రేమును మసక చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 పెట్టుకోండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఆ ఎరుపును చల్లార్చేస్తుంది, డేలైట్‌కి మార్చండి. అపర్చర్ ఎఫ్/11 చాలు. వెడల్పు లెన్సుకు పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే ఆకాశం ఒకవైపు ముదురుగా, ఒకవైపు పాలిపోయి వస్తుంది.

లెన్సు మార్చాలంటే కారు తలుపులు మూసి, ఏసీ గాలి ఆపి మార్చండి. ట్రైపాడ్ కాళ్లలో ముందు అన్నిటికన్నా కింది భాగాన్నే తెరవాలి. చాలామంది పైది లాగి కింది దాన్ని మూసే ఉంచుతారు, దాంతో లాకు ఇసుకలో కూరుకుని కరకరలాడుతుంది. ముందు అద్దం మీద ఇసుకను గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాతే గుడ్డ. ఏసీలో చల్లబడ్డ కెమెరాను తేమ గాలిలోకి తెస్తే అద్దం మీద మంచు పడుతుంది, కాబట్టి దిగడానికి అరగంట ముందే జిప్ కవర్లో మూసిపెట్టి, ఏసీ తగలని చోట ఉంచండి. నీళ్లు మనిషికి చలికాలంలో మూడు లీటర్లు, మార్చి తర్వాత ఐదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు.