నెల్లూరులో రెండు రోజులు, నాలుగు నిమిషాలు

ఒంగోలులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సీటు లేదు, సింగరాయకొండ దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. బండి కదిలిందో లేదో అమ్మ ఫోను. తమ్ముడు ఇడ్లీ ముట్టడం లేదట, అక్క ఏదీ అంటూ గేటు దగ్గరే కూర్చున్నాడట. వాడికి 29 ఏళ్లు. సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం అని ఉంటుంది, మా వీధిలో మాత్రం ‘పసిబిడ్డ లాంటోడు’ అంటారు. స్పీకర్ పెట్టించి, రేపు రాత్రికి మలై కాజా తెస్తానని చెబితే అప్పుడు తిన్నాడు. లంచమే, ఒప్పుకుంటాను.

నేను పోయేది ఒక శిక్షణకి. వైకల్యం ఉన్న పిల్లలకి ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి, థెరపీ ఉంది, పింఛను ఉంది, తల్లిదండ్రులకి ఎక్కడో ఒకచోట కౌన్సెలింగ్ దొరుకుతుంది. అదే ఇంట్లో పెరిగే అన్నకో చెల్లికో ఏముంది? ‘నువ్వు బంగారు తల్లివి, సర్దుకుపో’ అనే మాట ఉంది. అలాంటి తోబుట్టువులకి తోడుగా నిలబడే మెంటర్లని తయారుచేద్దామని ఒక చిన్న బృందం నెల్లూరులో రెండు రోజులు ఏర్పాటు చేసింది. ఒక మేడ మీది హాలు, మూడు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. మొత్తం 14 మందిమి, సగానికి పైగా నాలాంటి అక్కలూ అన్నలే.

మొదటి గంటంతా ఆటలే ఆడించారు. ఇదేందిరా, సెలవు పెట్టుకుని వచ్చింది కుర్చీలాటకా అనుకున్నాను. తర్వాత ట్రైనర్ మేడమ్ చెప్పారు, అమెరికాలోని సియాటెల్‌లో డాన్ మేయర్ అనే ఆయన 1980లలో సిబ్‌షాప్స్ అని మొదలుపెట్టింది ఇట్లాగేనట, ఎక్కువగా 8 నుంచి 13 ఏళ్ల తోబుట్టువుల కోసం, ఆట మధ్యలో మాట కలిసేలా. అది థెరపీ కాదు, ఆ పిల్లలకి అదొక పండగలా ఉండాలంటారట.

అసలు పరీక్ష మధ్యాహ్నం వచ్చింది. ఇద్దరిద్దరుగా కూర్చోవాలి, నాలుగు నిమిషాలు ఒకరు మాట్లాడాలి, రెండోవాళ్లు వినాలి, అంతే. సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, ‘నువ్వు గ్రేట్’ అనకూడదు. నా ఎదురుగా కావలి నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయి, వాళ్ల అన్నకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో ఉండదు. ఆ పిల్ల స్కూల్లో వార్షికోత్సవానికి ఇంట్లో వాళ్లెవరూ రాలేకపోయిన సంగతి మొదలుపెట్టిందో లేదో, ‘మా ఇంట్లోనూ అంతే’ అని నేనందుకున్నాను, ఇక ఆపితే ఒట్టు. మేడమ్ వెనకనుంచి భుజం మీద చెయ్యేసి, “ఇప్పుడు ఎవరి కథ నడుస్తోందమ్మా?” అన్నారు. గడియారం చూస్తే మూడు నిమిషాలు నాదే. సిగ్గేసింది. తోబుట్టువులైన వాళ్లకే ఈ పని కష్టమని నాకప్పుడు తెలిసింది, ఎన్నేళ్లనుంచో ఎవరూ అడగని మాట గొంతులో ఉంటుంది కదా, ఎవరు కనిపించినా అక్కడే పోసేస్తాం.

సాయంత్రం అందరం స్వర్ణాల చెరువు గట్టుకి పోయాం. పక్కనే బారాషహీద్ దర్గా. మొహర్రం అప్పుడు రొట్టెల పండుగకి కిక్కిరిసిపోయే చోటు, ఆ రోజు మాత్రం బఠాణీల బండి, నలుగురు పిల్లలు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి అందుకుని తింటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇట్లా. కావలి అమ్మాయి నీళ్లకేసి చూస్తూ ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

“ఏటా మా అమ్మ అన్న కోసం ఆరోగ్య రొట్టె పట్టుకుంటది అక్కా. నా చేత కూడా అదే పట్టిస్తది, ఇద్దరం పడితే తొందరగా తగ్గుద్దని. ఇంటర్‌లో ఉన్నప్పుడు నేను చదువు రొట్టె అందుకున్నా. ఆరోగ్య రొట్టేనని అమ్మకి అబద్ధం చెప్పి తినేశా. ఆ సంవత్సరమే అన్నకి ఫిట్స్ ఎక్కువైనాయి.”

‘పిచ్చిదానా, నీవల్ల కాదు’ అనే మాట నా పెదాల దాకా వచ్చింది. మింగేశాను. ఎంతసేపు గడిచిందో చూసుకోలేదు, నాలుగు నిమిషాలకి ఎక్కువే. చివరికి, ఇది ఇంకెవరికైనా చెప్పావా అని మాత్రం అడిగాను. లేదంది. (ఆ పిల్లని అడిగే రాస్తున్నాను.)

రెండో రోజు ఎక్కువగా కాగితాల సంగతి. బిడ్డకి 18 దాటాక తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారు, ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి, తోబుట్టువులూ పెట్టుకోవచ్చు. గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లో ఆస్తిపాస్తుల వివరాలు ఇవ్వాలి, ఆపైన ఏటా లెక్క చూపాలి. మేడమ్ ఇంకొకటి కూడా అన్నారు, ఇదంతా తెలిసిన మెంటరు ‘అన్నని నువ్వే చూసుకోవాలి’ అని పద్నాలుగేళ్ల పిల్లకి చెప్పడానికి దాన్ని వాడకూడదని. మా అమ్మ నాకు ఆ మాట చెప్పింది ఎనిమిదో తరగతిలో.

తిరుగు పినాకినిలో సీటు దొరికింది. ఇంటికి చేరేసరికి తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు, నన్ను చూడకముందే కాజాల డబ్బా చూశాడు.

“ఏం నేర్పించారే?” అంది అమ్మ.

“నోరు మూసుకోవడం.”

“దానికి నెల్లూరు దాకా పోవాలా?” అని నవ్వి, పక్కన కూర్చుంది.