గడ్డి మందు గొంతులోకి పోయాక నాకు జరిగిన వైద్యం

చూడ్డానికి వచ్చినవాళ్లంతా రక్తం మార్చారట కదా అని అడుగుతున్నారు. మార్చలేదు. నా రక్తాన్నే బయటికి తీసి, విషాన్ని పీల్చుకునే బొగ్గు నింపిన చిన్న డబ్బాలోంచి పంపి, మళ్లీ నాకే ఎక్కించారు. హీమోపెర్ఫ్యూజన్ అంటారు దాన్ని. ఊళ్లలో ఇది తెలియక ప్రాణాలు పోతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

మాది పరకాల దగ్గర పల్లె, పత్తి వేస్తాం. పక్క చేను ఆయన దగ్గర మా మరిది అడిగి తెచ్చిన పారాక్వాట్ అనే గడ్డి మందు కూల్‌డ్రింక్ సీసాలో గట్టు మీద ఉంది. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి మూత తీసి నోట్లో పోసుకున్నాను. మండగానే ఉమ్మేశాను కానీ కొంచెం లోపలికి దిగింది. ఒక వాంతి అయింది, తర్వాత ఏమీ లేదు, మామూలుగానే నడుస్తున్నాను, మాట్లాడుతున్నాను. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ ఇచ్చి పొద్దున్నకల్లా తగ్గిపోతుంది పొమ్మన్నాడు. మా ఆడబిడ్డ నర్సింగ్ చదివింది. "మంచిగనే ఉన్న అని కూర్చోకు వదినా, ఆ మందు అసలు డబ్బా పట్టుకొని ఇప్పుడే వరంగల్ రా" అని ఫోన్‌లో అరిచింది. ఆ మాటే నన్ను బతికించింది.

ఆసుపత్రిలో డబ్బా చూడగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ముందు బొగ్గు పొడి నీళ్లలో కలిపి తాగించారు. మూత్రం పట్టి అందులో ఏదో పొడి వేస్తే లేత నీలం రంగు తిరిగింది. ముదురు నీలం అయి ఉంటే ఇంకా భయపడాల్సి వచ్చేదట. ఈ మందుకు విరుగుడు లేదమ్మా, రక్తంలో ఉండగానే పట్టుకోవాలి, గంటలు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల్లోకి చేరిపోతుంది, అక్కడికి పోయాక రక్తం శుద్ధి చేసే మిషన్ లాగలేదు అని చెప్పింది. మిషన్ పెట్టినా గ్యారంటీ లేదని కూడా ముఖం మీదే చెప్పింది. మా ఆయన చేతులు వణుకుతుంటే సంతకం పెట్టాడు.

మెడ పక్కన గొట్టం వేశారు. నా రక్తం ఎర్రగా ఆ పైపులో పోయి డబ్బాలో దూరి అవతల నుంచి తిరిగి రావడం పడుకునే చూశాను, గంటల తరబడి. ఒళ్లంతా చలి, రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు కాబట్టి గొట్టం దగ్గర రక్తం చెమ్మ ఆగలేదు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోయాయి.

అసలు కష్టం తర్వాత మొదలైంది. నాలుక మీద తోలు ఊడిపోయి మజ్జిగ చుక్క కూడా దిగలేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగింది, కిడ్నీలు మొరాయించడంతో డయాలసిస్ కూడా చేశారు. ఆయాసం వస్తోందని మా ఆయన ఆక్సిజన్ పెట్టండని గొడవ పెట్టుకున్నాడు. ఈ మందు ఆక్సిజన్‌తో కలిస్తే ఊపిరితిత్తులను ఇంకా కాలుస్తుందట, ఒంట్లో ఆక్సిజన్ మరీ పడిపోతే తప్ప పెట్టరట. అందుకే ఎక్కడపడితే అక్కడ మాస్క్ పెట్టించకండి, తెలిసిన డాక్టర్‌ని చెప్పనివ్వండి. స్టెరాయిడ్లు ఇచ్చారు, రోజూ ఎక్స్‌రే తీశారు. కిడ్నీలు మెల్లగా కోలుకున్నాయి. లోపలికి పోయింది తక్కువ కావడం, త్వరగా చేరడం, రెండూ కలిసొచ్చాయని డాక్టరమ్మ అంది. మిషన్ ఒక్కటే కాపాడిందని నేనూ చెప్పను. నా పక్క మంచం మీద ఉన్న కుర్రాడికి కూడా అదే మిషన్ పెట్టారు, కాకపోతే వాళ్లు మర్నాడు తెచ్చారు. వాళ్లమ్మ ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది.

కేరళ ఈ మందును 2011లోనే ఆపేసింది, దక్షిణ కొరియా 2012లో అమ్మకం మానేసింది. మన దగ్గర అప్పుడే ఎందుకు ఆపలేదో నాకు అర్థం కాదు, కోపం వస్తుంది. కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదని నాకూ తెలుసు, అయినా ఇంత విషం అవసరమా?

ఇప్పుడు మెట్లెక్కితే కొంచెం ఆయాసం వస్తుంది, ఊదే పరీక్షకు ఇంకా పిలుస్తున్నారు. ఎవరికైనా గడ్డి మందు నోట్లోకి పోతే, బాగానే ఉన్నారని ఆగకండి. 108కి ఫోన్ చేయండి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి, రక్తం శుద్ధి చేసే మిషన్ ఉందో లేదో ఫోన్‌లోనే కనుక్కొని ఆ ఆసుపత్రికే పోండి.