డిశ్చార్జి కాగితం ఏమైంది? అమెరికా తొలి సైనికుల పింఛను అర్జీలు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు ఉత్తరాలనగానే చాలామంది నేరుగా జార్జి వాషింగ్టన్ దగ్గరికే వెళతారు. అందులో తప్పేమీ లేదు. 1777 డిసెంబరు 23న వ్యాలీ ఫోర్జ్ శిబిరం నుంచి కాంగ్రెసు అధ్యక్షుడు హెన్రీ లారెన్స్‌కు రాసిన ఉత్తరంలో ఆయన, కాళ్లకు చెప్పుల్లేక, ఒంటిమీద సరైన బట్టల్లేక విధులకు పనికిరాకుండా పడివున్నవారు 2,898 మంది అని లెక్క కట్టి చూపించి, వెంటనే ఏదో ఒకటి చేయకపోతే ఈ సైన్యం ఆకలితో మాడడమో, విచ్ఛిన్నమవడమో, చెల్లాచెదురవడమో తప్పదని హెచ్చరించాడు. గొప్ప ఉత్తరమే. కానీ చెన్నైలో సైనికుల పింఛన్ల లెక్కలు చూసే కార్యాలయంలో ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు, ఆ 2,898 మందిలో ఒక్కరి పేరైనా తెలుసుకోవాలనిపిస్తుంది. ఆ మనిషికి చెప్పులు దొరికాయా, ఇల్లు చేరాడా, చేరాక ఏం తిని బతికాడు అన్న సంగతి సేనాపతి ఉత్తరాల్లో దొరకదు. అది దొరికేది పింఛను దస్త్రాల్లో.

ఆ యుద్ధానికి సంబంధించిన పింఛను, భూమి మంజూరు దస్త్రాలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో 80 వేలకు పైగా ఉన్నాయి. స్కాన్ చేసిన పుటలను ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. పదవీ విరమణ చేసినవాడివి మళ్లీ పింఛను ఫైళ్లే చదువుతున్నావా అని మా ఇంట్లో వేళాకోళం చేస్తారు గానీ, అలవాటైన చూపుకు కనిపించే రుచులు కొన్ని ఉంటాయి.

ముందుగా చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పాలి. యుద్ధంలో అంగవైకల్యం పొందినవారికి మొదటినుంచీ ఎంతో కొంత భృతి ఉన్నా, కేవలం సేవను బట్టి పింఛను ఇచ్చిన చట్టం 1818లో గాని రాలేదు. కాంటినెంటల్ సైన్యంలో, అంటే రాష్ట్రాలన్నిటి తరఫున కాంగ్రెసు నిలిపిన సైన్యంలో, కనీసం 9 నెలలు గాని, యుద్ధం ముగిసేదాకా గాని పనిచేసి, ఇప్పుడు పేదరికంలో ఉన్న సిపాయికి నెలకు 8 డాలర్లు, అధికారికి 20 డాలర్లు వరకు అన్నారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది అర్జీలు పెట్టుకోవడంతో ఖజానా బెంబేలెత్తిపోయింది. దాంతో 1820లో, పేదరికాన్ని నోటిమాటగా చెబితే చాలదు, ఉన్న ఆస్తినంతా జాబితా రాసి కోర్టులో ప్రమాణం చేయాలని మరో చట్టం తెచ్చి, వేలమంది పేర్లు కొట్టేశారు. వారిలో కొందరిని 1823 తరువాత మళ్లీ చేర్చుకున్నారు. ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిన ఈ నిబంధన వల్లనే ఆనాటి పేద ఇళ్లలో ఏమేమి ఉండేవో మనకు ఈరోజు పైసలతో సహా తెలుస్తోంది. విరిగిన కుర్చీలు, ఒక ఇనుప కుండ, పాత గొడ్డలి, ఫలానావారికి తీర్చవలసిన అప్పు, ఇలా సాగుతాయి ఆ జాబితాలు. 15 ఏళ్ల వయసులో సైన్యంలో చేరి యుద్ధం చివరిదాకా పోరాడిన జోసెఫ్ ప్లంబ్ మార్టిన్, పక్కబట్టలు, కట్టుబట్టలు మినహాయిస్తే తనకున్నది రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది మాత్రమేనని రాయించాడు. పదేళ్ల తరువాత, 1830లో, ఆయన తన యుద్ధ జ్ఞాపకాలను పుస్తకంగా అచ్చువేశాడు. వాటిలో చమత్కారం, ఎత్తిపొడుపు బాగా ఉన్నాయి. నాకు మాత్రం ఆ పుస్తకమంతటికంటే ఈ ఒక్క వరుసే ఎక్కువ చెప్పిందనిపిస్తుంది.

అసలు వైభవం 1832 చట్టంతో మొదలైంది. పేదరికం నిరూపించుకోనక్కరలేదు, కనీసం ఆరు నెలల సేవ ఉంటే చాలు, రాష్ట్రాల మిలీషియాలో, అంటే అవసరానికి పిలిపించుకునే స్థానిక దళాల్లో, పనిచేసినవారికీ వర్తిస్తుంది అన్నారు. చిక్కల్లా రుజువు దగ్గర వచ్చింది. 1800 నవంబరు 8న యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి, అందులోని దస్త్రాలు బూడిదయ్యాయి. సైనికుల హాజరు పట్టీలు లేకపోతే ఎవరు ఎన్నాళ్లు పనిచేశారో తేల్చేదెలా? అందుకని ఊరి కోర్టులో న్యాయమూర్తి ఎదుట నిలబడి, అర్జీదారు తన యుద్ధమంతా నోటితో చెప్పాలని, గుమాస్తా దాన్ని రాసుకోవాలని నిర్ణయించారు. అడగవలసిన ప్రశ్నలను కూడా యుద్ధ శాఖే ఏడింటిని తయారుచేసి పంపింది. ఎక్కడ, ఏ ఏట పుట్టావు? వయసుకు రుజువుందా, ఉంటే ఎక్కడుంది? పిలుపు వచ్చేనాటికి ఎక్కడ ఉన్నావు, తరువాత ఎక్కడెక్కడ నివసించావు? నీ అంతట నువ్వే చేరావా, చీటీ వేసి తీసుకున్నారా, మరొకరికి బదులుగా వెళ్లావా, వెళితే ఎవరికి బదులుగా? నీతో ఉన్న అధికారులెవరు, రెజిమెంట్లేవి? డిశ్చార్జి ఇచ్చారా, దానిమీద సంతకం ఎవరిది, ఆ కాగితం ఏమైంది? నీ మాట నమ్మదగినదని చెప్పగల ఇరుగుపొరుగు ఎవరు?

ఇంత తక్కువ మాటల్లో మనిషి జీవితాన్నంతా బయటికి లాగే ప్రశ్నావళిని నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. ముఖ్యంగా ఆరో ప్రశ్న రాసినవారికి నమస్కరించాలనిపిస్తుంది. డిశ్చార్జి పత్రం ఉందా అని అడిగి వదిలేస్తే, లేదన్న ఒక్క మాటతో సరిపోయేది. ఏమైందని అడగడం వల్ల, ఇల్లు కాలిపోయిందని ఒకరు, ఊరు మారేటప్పుడు పోయిందని ఒకరు, దానికి విలువ ఉంటుందనుకోలేదని ఒకరు, భూమి హక్కుతో పాటు ఎవరికో అమ్ముకున్నానని మరొకరు, యుద్ధం ముగిసిన తరువాతి యాభై ఏళ్ల కథను కూడా చెప్పవలసి వచ్చింది. ముసలితనం వల్ల, జ్ఞాపకం తప్పడం వల్ల సేవాకాలాన్ని ఖచ్చితంగా ప్రమాణం చేసి చెప్పలేను గానీ, కింద చెప్పినదానికి తక్కువ మాత్రం కాదు అన్న వాక్యం దాదాపు ప్రతి అర్జీలోనూ ఉంటుంది. అది గుమాస్తాలకు ఇచ్చిన నమూనాలోని వాక్యం. ఆ వాక్యం దాటాక అర్జీదారు సొంత గొంతు మొదలవుతుంది. ఇన్ని చదివాక, ఏది గుమాస్తా మాటో ఏది ముసలాయన మాటో సులువుగానే పోల్చుకోగలుగుతున్నాను.

తేదీలు చెప్పే తీరులో మాత్రం దేశం తేడా ఏమీ లేదు. నెల్లూరు జిల్లా నుంచి మా కౌంటరు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడను, “పెళ్లి ఎప్పుడయిందమ్మా?” అని అడిగితే, “దివిసీమ ఉప్పెన వచ్చిందే, ఆ మరుసటేడు మాఘమాసంలో అయ్యా” అంది. అమెరికా అర్జీదారులు కూడా, శరటోగాలో బ్రిటిషు సేనాని బర్గోయిన్ లొంగిపోయిన శరత్కాలానికి ముందనో, మన్మత్ యుద్ధం జరిగిన వేసవి తరువాతనో చెబుతారు. పెళ్లికి రుజువు అడిగితే అక్కడి వితంతువులు, పెళ్లిళ్లు, పుట్టుకలు రాసిపెట్టుకున్న పుటను ఇంటి బైబిల్లోంచి చింపి పంపేవారు. అవి ఇప్పటికీ ఫైళ్లలోనే ఉన్నాయి. తిరిగి పంపకపోవడం అన్యాయమే, కానీ పంపివుంటే మనం చూసేవాళ్లం కాదు.

వితంతువుల అర్జీల్లో నన్ను ఎక్కువగా ఆపేసింది సారా ఆస్బర్న్ వాంగ్మూలం. 1837లో, 81 ఏళ్ల వయసులో, పెన్సిల్వేనియాలోని వేన్ కౌంటీ కోర్టులో ఆమె దీన్ని చెప్పింది. భర్త ఆరన్ ఆస్బర్న్ కమిస్సరీ (సైన్యానికి తిండి సరుకులు చూసే) సార్జెంటుగా చేరి తనతో రమ్మన్నాడు. ప్రయాణానికి బండి గాని, గుర్రం గాని దొరుకుతుందని కెప్టెన్ గ్రెగ్ మాటిచ్చేదాకా ఆమె ఒప్పుకోలేదు. ఆ గ్రెగ్ తలమీది చర్మాన్ని అంతకుముందు అమెరికా ఆదివాసులు ఒలిచేశారు. అప్పుడప్పుడు మతి చలించినట్లయి, “సారా, నా తల ఎక్కడ ఒలిచారో చూశావా?” అంటూ ఆమెకు తల వంచి చూపించేవాడట. కింగ్స్‌బ్రిడ్జి దగ్గర ఒక రాత్రి, భర్త సామాను ఎక్కించే పనిలో ఉంటే, ఆమె ఆయన ఓవర్‌కోటు తొడుక్కుని, తుపాకి పట్టుకుని కాపలా నిలబడింది. వాషింగ్టన్ అటుగా వచ్చి, నిన్నిక్కడ ఎవరు నిలబెట్టారని అడిగితే, నిలబెట్టే హక్కున్నవారే నిలబెట్టారండీ అని జవాబిచ్చింది.

బ్రిటిషు సేనాపతి కార్న్‌వాలిస్‌ను చుట్టుముట్టిన యార్క్‌టౌన్ ముట్టడిలో ఆమె పని బట్టలుతకడం, కుట్టడం, గొడ్డుమాంసం, రొట్టె, కాఫీ వండి కందకాల్లో ఉన్నవారికి మోసుకెళ్లడం. అక్కడా వాషింగ్టన్ ఎదురై, ఫిరంగి గుండ్లంటే భయం లేదా అని అడిగాడు. ఉరికంబానికి దక్కవలసిన ప్రాణాన్ని తూటాలు కాజేయవు లెండి అని ఆమె హాస్యమాడి, మగవాళ్లు యుద్ధమూ చేసి పస్తులూ ఉండాలంటే కుదరదు కదా అంది. ఒక తెల్లవారుజామున డప్పులు ఆగి, అధికారులు టోపీలు గాలిలో ఊపుతూ కేకలు పెడుతుంటే, ఇప్పుడేం జరిగిందని అడిగింది. ఆ మాత్రం తెలుసుకోలేని సిపాయివా అన్నాడొకడు. తెలియదంటే, బ్రిటిషువాళ్లు లొంగిపోయారని చెప్పారు. శత్రుసేన ఆయుధాలు పడేయడానికి నడిచివస్తుండగా ఆమె దారి పక్కన నిలబడి చూసింది. డప్పులమీద నల్ల గుడ్డలు, ఊదే వేణువులకు నల్ల రిబ్బన్లు. ముందు నడిచిన అధికారి భారీ మనిషి, నిండు ముఖం, చెంపలమీద కన్నీళ్లు. ఆ తరువాత కార్న్‌వాలిస్‌ను కూడా చూశానని, ఆయన చిన్నపాటి మనిషని, మెల్లకన్నని చెప్పింది.

ఆనాడు, 1781 అక్టోబరు 19న, ఒంట్లో బాగాలేదని చెప్పి కార్న్‌వాలిస్ తాను రాకుండా కత్తిని జనరల్ ఒహారా చేతికిచ్చి పంపాడన్నది అందరికీ తెలిసిన చరిత్రే. అదే కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, 1791లో బెంగళూరు కోటను పట్టి, మరుసటేడు శ్రీరంగపట్నంలో టిప్పు కొడుకులను తాకట్టుగా తీసుకున్నాడు. ఆయన పాలరాతి విగ్రహం ఇక్కడే, ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లోని మ్యూజియంలో నిలువెత్తున ఉంది. పీఠంమీద ఆ పిల్లలను అప్పగించే దృశ్యం చెక్కి ఉంది. మన ఊరికి వచ్చిన గెలుపు వీరుణ్ణి మెల్లకన్ను మనిషిగా గుర్తుపెట్టుకున్నది ఒక వంటమనిషి, బట్టలుతికే మనిషి అని తలుచుకుంటే నాకు కాస్త తృప్తిగానే ఉంటుంది.

లెక్కలవాడి కంటితో చూస్తే సారా ఫైలు సులువైనది కాదు. యుద్ధం ముగిశాక ఆస్బర్న్ ఆమెను వదిలేసి మరొకరిని పెళ్లాడాడు. ఆమె కూడా తరువాత జాన్ బెంజమిన్‌ను చేసుకుంది. ఆయన 1826లో పోయాడు. వదిలేసిపోయిన మొదటి భర్త సేవమీద, రెండో భర్త పోయిన వితంతువు పింఛను అడగవచ్చా? మా దగ్గరైతే ఈ ఫైలు ఎన్ని బల్లలు ఎక్కి దిగేదో చెప్పలేను. అక్కడ మంజూరయింది.

నౌకాదళం వైపు కాగితాలు వేరే జాతివి. ఓడ లాగ్ పుస్తకంలో గాలి దిశ, దూరం, శిక్షలు తప్ప మనిషి కనిపించడు. అయినా ఆరు యుద్ధనౌకలకు అనుమతినిచ్చిన 1794 చట్టం నాకు ఇష్టం, ఎందుకంటే అదే చట్టంలో నావికుడి వారపు మెనూ కూడా రాశారు. ఆదివారం పౌను రొట్టె, పౌనున్నర గొడ్డుమాంసం, అర పింటు బియ్యం. రోజుకు అర పింటు సారాయి, కాదంటే ఒక క్వార్టు బీరు. నావికుల పింఛను నిధికి డబ్బు కూడా, పట్టుబడిన శత్రు ఓడల సొమ్ములో ప్రభుత్వ వాటా నుంచి వచ్చేది. ఉత్తరాల్లో చెప్పుకోదగినవి కెప్టెన్ బెయిన్‌బ్రిడ్జివి. 1803 అక్టోబరు 31న ఫిలడెల్ఫియా నౌక అమెరికాతో యుద్ధంలో ఉన్న ఉత్తర ఆఫ్రికా రాజ్యం ట్రిపోలీ దగ్గర తిప్ప ఎక్కి, 300 మందికి పైగా సిబ్బందితో ఆయన బందీ అయ్యాడు. డెన్మార్క్ కాన్సల్ నిస్సెన్ ద్వారా అమెరికా నౌకల దళపతి కమొడోర్ ప్రెబుల్‌కు మామూలు ఉత్తరాలు పంపుతూ, వరుసల మధ్య నిమ్మరసంతో కనిపించని రాత రాశాడు. కాగితాన్ని సెగకు పట్టితే అక్షరాలు పైకి తేలతాయి. శత్రువు చేతికి చిక్కిన నౌకను తగలబెట్టవచ్చన్న సూచన కూడా ఆయన ఉత్తరాల్లో ఉంది. 1804 ఫిబ్రవరి 16 రాత్రి అమెరికా నౌకాదళ అధికారి స్టీఫెన్ డికేటర్ ఆ పని చేశాడు.

మంజూరు కాని ఫైళ్లను కూడా పారేయకుండా ఉంచినందుకు ఆ కార్యాలయాన్ని మెచ్చుకోవాలి. వాటిలో ఒకటి జెహూ గ్రాంట్‌ది. ఆయన రోడ్ ఐలండ్‌లో బానిస. యజమాని బ్రిటిషువారితో వ్యాపారం చేస్తున్నాడని, తనను వారి ఓడకు పంపేస్తాడని భయపడి, 1777లో పారిపోయి అమెరికా సైన్యంలో చేరాడు. బళ్లు తోలుతూ, సేవకుడిగా, పది నెలల దాకా పనిచేశాక యజమాని వెతికి పట్టుకుని తీసుకుపోయాడు. 1832లో అర్జీ పెడితే, యజమాని నుంచి పారిపోయి ఉన్న కాలంలో చేసిన సేవ చట్టం కిందికి రాదని తిరస్కరించారు. 1836లో ఆయన పింఛను కమిషనర్ ఎడ్వర్డ్స్‌కు మళ్లీ రాయించిన ఉత్తరం ఉంది. ఊరూరా స్వాతంత్ర్యానికి గుర్తుగా పాతే స్వేచ్ఛా స్తంభాలు లేస్తుంటే, జనమంతా స్వేచ్ఛ కోసం కదులుతుంటే నాకూ నచ్చింది, అలా అనుకోవడం పాపమైతే దేవుడు క్షమించుగాక అంటాడందులో. సేవకులు యజమానులకు లోబడి ఉండాలన్న సువార్త మాటను ఎవరైనా చదివి నేర్పివుంటే వేరేగా చేసేవాణ్ణేమో, కానీ చెవిని పడిన స్వేచ్ఛాగీతాలు గుండెలో మోగాయి అని కూడా అంటాడు.

తిరస్కరణకు చూపిన కారణం ఒకే ఒక్క వాక్యం. అటువంటి వాక్యాలు నేనూ ఎన్నో రాశాను, వాటి అమరిక నాకు తెలుసు: సేవ జరగలేదని ఎవరూ అనలేదు, అర్జీదారు అబద్ధమాడాడని అనలేదు, పది నెలలు ఆరు నెలలకు తక్కువని కూడా అనలేదు. నా మేజా మీదికి వచ్చివుంటే, ఏ సెక్షను ప్రకారం రాదో చూపించమని పైకి రాసి తిప్పి పంపేవాణ్ణి. రెండోసారి రాసినా గ్రాంట్‌కు పింఛను రాలేదు.