సున్నం ఆరేదాకా

అక్టోబర్ 14, మంగళవారం

పొద్దున చీకట్లో లేచి లైటు స్విచ్చి కోసం గోడ తడిమితే చేతికి కిటికీ తగిలింది. ఈ జీత్‌లోకి వచ్చి 24 రోజులైంది. నా చెయ్యి మాత్రం ఇంకా మా ఇంటి లెక్కలోనే తిరుగుతోంది.

జీత్ అంటే ఇక్కడ ఫ్రాన్స్ పల్లెల్లో సెలవులకు వచ్చేవాళ్ళకు వారాల లెక్కన అద్దెకిచ్చే ఇల్లు. మా ఇంటి గోడల పని జరుగుతోంది, సీజన్ కూడా అయిపోయింది కాబట్టి నాలుగు వారాలకు మాట్లాడుకున్నాం. వైన్ గ్లాసులు డజను ఉన్నాయి, పోపు గంటె లేదు. కుక్కరు, పోపు డబ్బా, చింతపండు, కారప్పొడి అన్నీ మా ఇంటినుంచే తెచ్చుకున్నాను. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు ఎంత చలిగా ఉన్నా కిటికీలు బార్లా తీస్తున్నాను. పరాయివాళ్ళ కర్టెన్లకు ఆ ఘాటు పట్టకూడదు కదా.

పాపను బళ్ళో దింపి ఇంటికి వెళ్ళాను. ఈ క్రోజ్ జిల్లాలో పాత ఇళ్ళన్నీ గ్రానైట్ రాళ్ళవే. మాదీ అంతే, గోడ మందం 60 సెంటీమీటర్లు, రాళ్ళ మధ్య మట్టి. పైన ఒకప్పుడు సున్నం ఉండేది. ఎప్పుడో ఎవరో గట్టిగా ఉంటుందనుకుని సందులన్నీ సిమెంటుతో మూసేశారు. నేలలోంచి పైకి పాకే చెమ్మకు బయటికి దారి లేక లోపలికి తిరిగింది. పాప మంచం వెనక గోడ నల్లబడింది. పోయిన చలికాలమంతా దానికి దగ్గు. రాత్రిపూట ఆ దగ్గు వింటూ పడుకున్నప్పుడే అనుకున్నాను, ఎంత ఖర్చయినా ఈ సిమెంటు తీయించాలని.

మేస్త్రి ఉలితో కొడుతుంటే అరచేతంత పెచ్చు ఊడింది. వెనక మట్టి అప్పుడే తవ్వినంత నల్లగా ఉంది. వేలు పెడితే సగం దాకా దిగింది. పాత బావిలోకి వంగి చూసినప్పుడు ముఖానికి కొట్టే వాసన. "ఇన్నేళ్ళూ ఈ నీళ్ళు ఇక్కడే ఉన్నాయి మేడమ్" అంటూ ఆ పెచ్చు నా చేతిలో పెట్టాడు. దాని లోపలి వైపు చెమట పట్టినట్టు తడి.

పక్క గోడ అప్పటికే శుభ్రం చేసి ఆరబెట్టాడు. దానిమీద ముందు నీళ్ళు చల్లి, కాసేపు ఆగి, సన్న తాపీతో సున్నం సందుల్లోకి నొక్కుతున్నాడు. కాస్త బిగిశాక గట్టి బ్రష్షుతో రుద్దితే లోపలి ఇసుక రవ్వలు బయటపడి, గోడకు తేనె రంగు వస్తోంది. ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

అక్కడినుంచే నాయినకు వీడియో కాల్ చేశాను. పాలమూరు మేస్త్రి ఆయన. బొంబాయి, పుణె, హైదరాబాదుల్లో ఊరివాళ్ళ ఇళ్ళన్నీ కట్టి, తను మాత్రం ఆ కట్టే ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉండేవాడు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి గానుగలో సున్నం నూరడం చిన్నప్పుడు చూశానని చెబుతాడు. ఫోన్ గోడవైపు తిప్పగానే మొదటి మాట, "గోడకు నీళ్ళు తాపిండా బిడ్డా?"

అది ఫ్రెంచిలో చెప్పాను. మేస్త్రి తాపీ ఆపి ఫోన్‌లోకి చూశాడు. "తాగనిస్తేనే పట్టుకుంటుందని చెప్పండి" అన్నాడు. చెప్పాను. నాయిన తల ఊపాడు.

క్రోజ్ మేస్త్రీల సంగతీ అప్పుడే చెప్పాను. 19వ శతాబ్దంలో ఈ ఊళ్ళ మగవాళ్ళు ప్రతి వసంతంలో మూట కట్టుకుని కాలినడకన పారిస్‌కో లియోన్‌కో పనికి బయల్దేరేవాళ్ళు. మార్తాఁ నదో అనే ఆయన ఇక్కడే 1815లో పుట్టి, 1830లో పద్నాలుగేళ్ళకే తండ్రి వెంట పారిస్‌కు తాపీపనికి వెళ్ళాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఇళ్ళ పని సాగితే అన్నీ సాగుతాయని 1850లో సభలో ఆయన అన్న మాట ఇప్పటికీ ఇక్కడ సామెతలా వాడతారు.

నాయిన పార్లమెంటు గురించి ఏమీ అడగలేదు. "ఇంటికి ఎప్పుడొస్తుండిరి వాళ్ళు?" అన్నాడు.

"చలికాలానికి."

"మేం వానకాలానికొస్తుంటిమి" అని ఊరుకున్నాడు.

ఆయన అలా షెడ్డుల్లో ఉన్నన్నాళ్ళూ మేం ఊళ్ళో నానమ్మ దగ్గర ఉన్నాం. ఆయనకు పొద్దున లేవగానే చెయ్యి ఎక్కడికి వెళ్ళేదో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఈరోజు అడగాలనిపించింది. మేస్త్రి ముందు అడగలేకపోయాను.

పని మూడు వారాలన్నారు, ఇంకా సగం గోడ మిగిలి ఉంది. ముందు రావలసిన కరెంటు పనివాడు పది రోజులు ఆలస్యం చేశాడు. 5 డిగ్రీలకు తగ్గితే సున్నం పని చెయ్యకూడదు, మంచు పడితే పట్టిన సున్నం కూడా రాలిపోతుంది. శనివారం బళ్ళకు తూసాఁ (శరదృతువు) సెలవులు మొదలవుతున్నాయి, ఈ జీత్ వేరేవాళ్ళకు బుక్కయింది. పక్కింటి పెద్దావిడ తన పై గది ఇస్తానంది. ఒక్క గదిలో ముగ్గురం. పాపకు మాత్రం అక్కడి కోళ్ళంటే ఇష్టం, ఎప్పుడు వెళ్దామని రోజూ అడుగుతోంది.

రాత్రి పదింటికి బయట 6 డిగ్రీలు. గోనె పట్టాలు కప్పారా అని మేస్త్రికి మెసేజ్ పెట్టాను. కప్పాను, పడుకోండి అని జవాబొచ్చింది. అది నాయినకు పంపాను.