అమ్మ పళ్ళు, పిన్ని పళ్ళు

పదకొండున్నర దాటింది. బాబాయ్ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది, నిద్ర పట్టడం లేదు.

మధ్యాహ్నం నవాబుపేటలో పిన్ని వాళ్ళింట్లో భోజనాలు. మామిడికాయ ముక్కలేసిన కొరమీను పులుసు అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది. ప్రాణం లేచొచ్చింది నాకు. తిన్నాక అక్కచెల్లెళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి ఫోటో తీయబోయాను. పిన్ని పకపకా నవ్వింది. అమ్మ మామూలుగానే పెదాలు బిగబట్టింది. "నవ్వక్కా" అని పిన్ని డొక్కలో పొడిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడన్నాడు బాబాయ్. "పోనీ లేమ్మా, ఐదు వేళ్ళూ ఒకేలా ఉంటాయా? వీళ్ళిద్దరి పుట్టుకే అంత." అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

బాబాయ్ చెడ్డవాడు కాదు. కానీ పనమ్మాయికి జీతం పెంచమన్నా ఇదే మాట, పాలేరు కొడుకు చదువు మానేశాడన్నా ఇదే మాట. ఐదు వేళ్ళు చూపిస్తే ఇక మాట్లాడేదేమీ ఉండదన్నట్టు చెయ్యి గాల్లో ఆడిస్తాడు. ఆ చెయ్యి చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఇంటికొస్తూ మళ్ళీ అనుకున్నాను, అందులో తప్పేముందని. ఎత్తుపల్లాలు లేకపోతే పెన్న పారుతుందా? పిన్ని గలగలా మాట్లాడటం, అమ్మ ఊఁ కొడుతూ వినడం నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమే. ఇద్దరూ మాట్లాడేవాళ్ళే అయితే వినేదెవరు?

కానీ ఆ కొంగు కళ్ళ ముందు నుంచి పోలేదు.

నాకు ఆరేళ్ళప్పుడు ఎండాకాలం సెలవులకు కనిగిరి దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయాం. పిన్ని కూడా వచ్చింది. అరుగు మీద అందరూ ఉండగా అడిగాను, "అమ్మా, నువ్వు పిన్నిలాగా పళ్ళు తోముకోవా?" అని. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. సాయంత్రం బావి గట్టు దగ్గర బొగ్గుపొడిలో ఉప్పు కలిపి పళ్ళు రుద్దుకుంటోంది. చాలాసేపు రుద్దింది. ఉమ్మితే ఎర్రగా పడింది. నన్ను చూసి గబగబా నీళ్ళు పోసి కడిగేసింది.

అవి తోమితే పోయే గారలు కావు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదంటారు. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే ఏడెనిమిదేళ్ళ లోపు, అంతకు మించి ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఆ గోధుమ రంగు చారలు జీవితాంతం ఉండిపోతాయి. అమ్మ ఆ బావి నీళ్ళే తాగి పెరిగింది. పిన్నిని ఏడాది నిండకముందే పిల్లల్లేని చిన్నమ్మమ్మ నెల్లూరు తెచ్చుకుంది. పెన్న నీళ్ళు. ఒక్క కడుపున పుట్టినవాళ్ళే ఇద్దరూ. అప్పటికి కనిగిరి కూడా నెల్లూరు జిల్లాయే, 1970లో కదా ప్రకాశంలోకి పోయింది.

పుట్టుకే అంత అంటే ఎలా బాబాయ్?

నీరు పల్లమెరుగు అంటారు. మరి శ్రీశైలంలో కృష్ణ నీళ్ళు కాలవలెక్కి, సోమశిల, కండలేరు దాటి చెన్నై దాకా పోతున్నాయి కదా. వాటంతటవే దారి వెతుక్కుని పోయాయా? మనుషులు కూర్చుని గీసిన దారి అది. కనిగిరి వైపు ఆ గీత అప్పుడే ఎందుకు గీయలేదని అడగాల్సింది. అడగకుండా తలూపి వచ్చాను.

అమ్మ నెమ్మది కూడా నెమ్మదేనా, లేక నోరు తెరవకుండా ఉండి ఉండి అలవాటైపోయిందా? ఇన్నేళ్ళూ నేను ముచ్చటపడింది దేన్ని?

ఏమో. అమ్మమ్మా పెద్దగా మాట్లాడేది కాదు. అది వాళ్ళ వంశంలోనే ఉందేమో. కానీ అమ్మమ్మ ఎప్పుడూ నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. బోసినోరు కాకముందు కూడా వెనక పళ్ళు కనబడేలా నవ్వేది. ఆ ఊళ్ళో అందరి పళ్ళూ అవే కదా.

ఫోటో పంపమని పిన్ని రెండుసార్లు మెసేజ్ పెట్టింది. ఇంకా పంపలేదు.