పేడకుప్ప నుంచి ఉపాధి
ఊళ్లో పేడకు కొదవలేదు, పనికోసం చూసే కుర్రాళ్లకూ కొదవలేదు. వర్మీకంపోస్టు, అంటే వానపాములతో చేసే ఎరువు, మొదలుపెట్టే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పచ్చిపేడలో వానపాములు వదలకండి, ఆ వేడికి చచ్చిపోతాయి. చాలా యూనిట్లు దెబ్బతినేది ఇక్కడే.

పేడను నీడలో తడుపుతూ రెండు మూడు వారాలు మగ్గనివ్వండి. లోపల చెయ్యి పెడితే చల్లగా తగిలాకే ఐసీనియా ఫెటిడా రకం వానపాములు వదలండి. పొలంలో దొరికేవి మట్టిలోకి దిగిపోతాయి, ఈ పనికి రావు. పేడ పరిచే బెడ్డు 3 అడుగుల వెడల్పు చాలు, రెండువైపుల నుంచీ చెయ్యి అందాలి. పైన తడి గోనెసంచి కప్పండి. బెడ్డులోని పేడను పిడికిట్లో పిండితే ఒకటి రెండు నీటిచుక్కలే రావాలి.

45 నుంచి 60 రోజుల్లో పేడ టీపొడిలాంటి ఎరువు అవుతుంది. నాలుగు రోజులు నీళ్లు ఆపితే వానపాములు అడుగుకు దిగుతాయి. పైది తీసి జల్లెడ పట్టండి, ఎండలో మాత్రం ఆరబెట్టొద్దు. మిద్దెతోటలవాళ్లకు కిలో ప్యాకెట్లుగా అమ్మితే బస్తా లెక్కకన్నా మంచి ధర.